ఒక పాట.. మూడు గొంతులు.. ఒక్క సంతకం!

ఓ పని చేద్దాం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ‘వితౌట్ యూ’ అనే ఇంగ్లిష్ పాటని మూడుసార్లు వినండి. ముందు 1994లో సింగిల్‌గా వచ్చిన మరియా కెరీ వెర్షన్. తర్వాత 1971 నాటి హ్యారీ నీల్సన్ వెర్షన్. చివరగా 1970లో బ్యాడ్‌ఫింగర్ అనే బ్రిటిష్ బ్యాండ్ పాడింది. వెనక్కి వెళ్లేకొద్దీ పాట చిన్నదైపోతున్నట్టు ఉంటుంది. మరియా దగ్గర వెనకాల బృందగానం, పెద్ద హంగు. నీల్సన్ దగ్గర పియానో, వయొలిన్లు, పైకి పైకి లేచే గొంతు. బ్యాడ్‌ఫింగర్ దగ్గరికొచ్చేసరికి గిటార్లు పట్టుకున్న మామూలు కుర్రాళ్లు. ‘అసలు పాట ఇదేనా?’ అని డౌటొస్తుంది. ఇదే.

ఆ పాట రాసింది ఇద్దరు. పీట్ హ్యామ్, టామ్ ఎవాన్స్. ఇద్దరూ 1947లో పుట్టారు. అంటే రికార్డింగ్ నాటికి వాళ్లకి ఇరవై మూడేళ్లు. ఈ పేజీ చదువుతున్న మీలో చాలామంది వయసే. వాళ్ల పాట అమెరికాలో నంబర్‌వన్ అయింది, బ్రిటన్‌లో రెండుసార్లు అయింది, పాడినాయనకి గ్రామీ తెచ్చిపెట్టింది. రాసినవాళ్లు మాత్రం అప్పుల్లో, కోర్టు గొడవల్లో ఇరుక్కుని అర్ధాంతరంగా వెళ్లిపోయారు. ఎక్కడ తేడా కొట్టింది? మ్యూజిక్ కథే అయినా, చివరికొచ్చేసరికి ఇది మీ మెయిల్లో పడి ఉన్న ఆఫర్ లెటర్ దాకా వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

నాకు ఈ బ్యాండ్ పరిచయం అయింది పాట వల్ల కాదు, సీరియల్ వల్ల. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో హాస్టల్లో ఒకడి హార్డ్‌డిస్క్ అందరి చేతులూ మారేది. అందులో ‘బ్రేకింగ్ బ్యాడ్’ మొత్తం ఉంది. 2013లో వచ్చిన ఆఖరి ఎపిసోడ్ ఆఖరి నిమిషాల్లో ‘బేబీ బ్లూ’ అనే పాట మోగుతుంది. చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఎవరిదా అని వెతికితే బ్యాడ్‌ఫింగర్, రాసింది పీట్ హ్యామ్ అని తేలింది. అక్కడి నుంచి తవ్వుతూ పోతే ‘వితౌట్ యూ’ కూడా వీళ్లదే అని తెలిసి నోరెళ్లబెట్టాను. అప్పటిదాకా అది మరియా కెరీ సొంత పాటే అనుకున్నా. ఇంకో రూమ్‌మేట్ నాకన్నా ఒక మెట్టు పైన ఉన్నాడు. వాడు నీల్సన్‌దనుకున్నాడు.

రెండు సగాలు అతికితే..

వేల్స్‌లో స్వాన్సీ అనే రేవు పట్టణం. అక్కడ ఐవీ ప్లేస్ అనే వీధి పేరు మీద ‘ది ఐవీస్’ అని బ్యాండ్ పెట్టుకున్నారు పీట్ హ్యామ్, అతని స్నేహితులు. తర్వాత లివర్‌పూల్ నుంచి టామ్ ఎవాన్స్ వచ్చి చేరాడు. 1968లో బీటిల్స్ పెట్టిన యాపిల్ రికార్డ్స్ వీళ్లని తీసుకుంది. (ఫోన్లు చేసే యాపిల్ కాదండోయ్. ఆ కంపెనీ పుట్టింది 1976లో. పేరు కోసం ఈ యాపిల్ ఆ యాపిల్ మీద కేసు కూడా వేసింది.) తర్వాత బ్యాండ్ పేరు బ్యాడ్‌ఫింగర్ అయింది. పాల్ మెకార్ట్నీ స్వయంగా ఒక పాట రాసిచ్చి నిలబెట్టాడు. మ్యూజిక్ ఫీల్డులో అడుగుపెట్టే కుర్రాడికి ఇంతకన్నా మంచి రిఫరెన్స్ ఏముంటుంది చెప్పండి?

అంతా కలిసి లండన్‌లోని గోల్డర్స్ గ్రీన్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. మన అమీర్‌పేట బ్యాచిలర్ రూముల్లాగే అనుకోండి, కాకపోతే పుస్తకాల బదులు ఆంప్లిఫైయర్లు. పీట్ దగ్గర ఒక పాట ఉంది. చరణం బాగుంది, కోరస్ పేలడం లేదు. టామ్ దగ్గర ఇంకో పాట. దానికి కోరస్ అదిరింది, చరణమే కుదరడం లేదు. రెండు సగం పాటల్నీ తెచ్చి అతికించారు. అంతే! ఒకడి ఇంటర్‌ఫేస్‌కి ఇంకొకడి బ్యాకెండ్ సరిగ్గా అమరినట్టు.

ఆ పాటని 1970 చివర్లో ‘నో డైస్’ అనే ఆల్బంలో పెట్టారు. సింగిల్‌గా విడుదల చేయలేదు. ఆ ఆల్బం నుంచి హిట్టయింది ‘నో మ్యాటర్ వాట్’. ‘వితౌట్ యూ’ ఆల్బంలో ఒక మూల కూర్చుంది. రాసిన వాళ్లకే దాని సత్తా పూర్తిగా తెలియలేదేమో అనిపిస్తుంది నాకు.

బ్యాంకు కంప్యూటర్ల దగ్గర నుంచి..

ఇప్పుడు నీల్సన్ సంగతి. ఈయన కెరియర్ మనవాళ్లకి భలే నచ్చుతుంది. 1960ల్లో క్యాలిఫోర్నియాలో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో నైట్ షిఫ్ట్ చేస్తూ, పగలు పాటలు పట్టుకుని స్టూడియోల చుట్టూ తిరిగేవాడు. అచ్చంగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సైడ్ ప్రాజెక్టు. 1968లో బీటిల్స్ ప్రెస్‌మీట్‌లో మీకిష్టమైన అమెరికన్ ఆర్టిస్టు ఎవరని అడిగితే ఈయన పేరే చెప్పారు.

విచిత్రమేంటంటే నీల్సన్ గొప్ప రచయిత. కానీ ఆయన గొంతులో పెద్ద హిట్టయిన ‘ఎవ్రీబడీస్ టాకిన్’, ‘వితౌట్ యూ’ రెండూ వేరేవాళ్లు రాసినవే. ఆయన రాసిన ‘వన్’ పాటేమో ‘త్రీ డాగ్ నైట్’ అనే బ్యాండ్ పాడితే హిట్టయింది!

లాస్ ఏంజెలెస్‌లో ఒక పార్టీలో ఈ పాట ఆయన చెవిన పడింది. బీటిల్స్ పాట అనుకున్నాడట. తీరా వెతికితే బీటిల్స్ ఆల్బముల్లో ఎక్కడా లేదు, బ్యాడ్‌ఫింగర్ దగ్గర దొరికింది. పియానో మీద తను పాడుకున్న డెమో ప్రొడ్యూసర్ రిచర్డ్ పెర్రీకి వినిపించాడు. పెర్రీ వదల్లేదు. నీల్సన్‌కి పెద్ద హంగు ఇష్టం లేకపోయినా, ఈ పాటకి పెద్ద హంగే కావాలని పట్టుబట్టాడు. లండన్‌లోని ట్రైడెంట్ స్టూడియోలో రికార్డింగ్. పియానో గ్యారీ రైట్, బేస్ గిటార్ క్లాస్ వూర్‌మన్, డ్రమ్స్ జిమ్ కెల్ట్‌నర్, వయొలిన్ల కూర్పు పాల్ బక్‌మాస్టర్.

మార్చింది ఎంత? సాహిత్యం అదే, బాణీ అదే. కానీ బ్యాడ్‌ఫింగర్ వెర్షన్‌లో గిటార్లు మొదటి నుంచీ మోగుతుంటాయి కాబట్టి కోరస్ వచ్చినప్పుడు పెద్దగా తేడా తెలియదు. బాధ కూడా కుర్రాళ్లు గది తలుపేసుకుని పడ్డట్టుగా ఉంటుంది. నీల్సన్ మాత్రం దాదాపు ఖాళీ గదిలో, ఒక్క పియానోతో, మాట్లాడుతున్నంత మెల్లగా మొదలుపెడతాడు. కోరస్ మొదటిసారి వచ్చినప్పుడు కూడా అణుచుకుంటాడు. ఆ తర్వాత అదే కోరస్‌ని ఒక ఆక్టేవ్ పైకి, అంటే అదే స్వరాల్ని పై స్థాయిలో అందుకుంటాడు. అక్కడ వెంట్రుకలు నిక్కబొడుచుకోకపోతే నన్నడగండి! మన కచేరీల్లో తారస్థాయి కోసం జనం ఎదురుచూస్తారే, ఆ పనే. కవర్ అంటే కాపీ అనుకునేవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని వినాలి.

1972 ఫిబ్రవరిలో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నంబర్‌వన్. నాలుగు వారాలు అక్కడే. బ్రిటన్‌లో ఐదు వారాలు. ఉత్తమ పాప్ గాయకుడిగా నీల్సన్‌కి గ్రామీ. దాదాపు అదే రోజుల్లో, జార్జ్ హ్యారిసన్ ప్రొడ్యూస్ చేసిన బ్యాడ్‌ఫింగర్ సొంత పాట ‘డే ఆఫ్టర్ డే’ కూడా అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. అంతకు కొన్ని నెలల ముందే, 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో మన పండిట్ రవిశంకర్, హ్యారిసన్ కలిసి చేసిన బంగ్లాదేశ్ కచేరీలో పీట్ హ్యామ్ హ్యారిసన్ పక్కన నిలబడి గిటార్ వాయించాడు. బయటినుంచి చూస్తే జీవితం సెటిల్ అన్నట్టే.

మరి డబ్బెక్కడికి పోయింది?

ఇక్కడ ఒక చిన్న విషయం అర్థం చేసుకోవాలి. మీరు విన్న ప్రతి పాటలో రెండు వేర్వేరు ఆస్తులుంటాయి. ఒకటి పాట, అంటే సాహిత్యం, బాణీ. అది రాసినవాళ్లది. రెండోది ఆ పాటకి చేసిన రికార్డింగ్. అది సాధారణంగా మ్యూజిక్ కంపెనీది. కవర్ వచ్చినప్పుడు రికార్డింగ్ కొత్తది, పాట పాతదే. కాబట్టి ఎవరు పాడినా రాసినవాళ్లకి వాటా పోవాలి. అప్పటి అమెరికా చట్టంలో, ఒకసారి రికార్డై బయటికొచ్చిన పాటని ఎవరైనా నిర్ణీత రేటు కట్టి మళ్లీ పాడుకోవచ్చు. రేటు కాపీకి 2 సెంట్లు. 1909లో పెట్టిన ఆ రేటు 1978 దాకా కదల్లేదు. పది లక్షల కాపీలు అమ్ముడైతే 20 వేల డాలర్లు. అదీ రచయితలు, వాళ్ల పబ్లిషర్ పంచుకోవాలి.

అసలు లాభం రేడియోలో. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు పాట రాసినవాళ్లకి రాయల్టీ కడతాయి, పాడినవాళ్లకి కట్టవు. ఇప్పటికీ అంతే. అంటే నీల్సన్ గొంతు అమెరికా రేడియోలో మోగిన ప్రతిసారీ మీటరు తిరగాల్సింది పీట్, టామ్‌లకే. లెక్క ప్రకారం 1972 నాటికి ఆ ఇద్దరూ తిండికీ బట్టకీ చూసుకోనక్కర్లేని స్థితిలో ఉండాలి.

లేరు. ఎందుకంటే 1970లో బ్యాండ్ స్టాన్ పోలీ అనే అమెరికన్ మేనేజర్‌తో ఒప్పందం చేసుకుంది. టూర్లు, రికార్డులు, పాటల హక్కులు.. డబ్బు ఏ దారిన వచ్చినా ముందు ఆయన నడిపే కంపెనీలోకి వెళ్తుంది. అక్కడి నుంచి వీళ్లకి నెలనెలా జీతం. వినడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. లెక్కలు మేం చూసుకుంటాం, మీరు పాటలు రాసుకోండి అన్నమాట. ఇరవై మూడేళ్ల వాళ్లు సంతకాలు పెట్టేశారు.

1970 డిసెంబరు నుంచి 1971 అక్టోబరు దాకా పోలీ అకౌంటెంట్లు తయారుచేసిన లెక్కల పట్టీ తర్వాత బయటికొచ్చింది. అందులో పీట్ హ్యామ్‌కి జీతం, అడ్వాన్సు కలిపి 5,959 డాలర్లు. మేనేజ్‌మెంట్ కమిషన్ కింద పోలీకి 75,744 డాలర్లు. ఇంకోసారి చదవండి. నలుగురు సభ్యుల్లోనూ తక్కువ అందుకున్నది పీట్. హిట్లు రాస్తున్నదీ అతనే.

తర్వాత బ్యాండ్ యాపిల్ నుంచి వార్నర్ బ్రదర్స్‌కి మారింది. పేపర్లో లక్షల డాలర్ల డీల్. 1974 నవంబరులో కొత్త ఆల్బం వచ్చింది, మంచి పేరూ వచ్చింది. డిసెంబరులో వార్నర్ పబ్లిషింగ్ విభాగం కోర్టుకెళ్లింది. అడ్వాన్సుగా ఇచ్చి విడిగా భద్రపరచాల్సిన సొమ్ముకి లెక్క చెప్పడం లేదన్నది ఫిర్యాదు. ఆల్బం అమ్మకాలు ఆగిపోయాయి. 1975 వసంతానికి జీతాలు రావడం లేదు. పీట్ కొత్తగా ఇల్లు కొనుక్కున్నాడు, భాగస్వామి నిండు గర్భిణి. ఇంకో మేనేజర్ దగ్గరికి పోదామంటే కాగితాలు కాళ్లకి చుట్టుకున్నాయి.

1975 ఏప్రిల్ 24న పీట్ హ్యామ్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఇంకో మూడు రోజులైతే 28వ పుట్టినరోజు. నెల తర్వాత కూతురు పుట్టింది. ఎనిమిదేళ్లకి, 1983 నవంబరు 19న, టామ్ ఎవాన్స్ కూడా అదే దారి పట్టాడు. ‘వితౌట్ యూ’ రాయల్టీల్లో ఎవరి వాటా ఎంత అన్న గొడవ అప్పటికీ బ్యాండ్ సభ్యుల మధ్య నడుస్తూనే ఉంది. యాపిల్ దగ్గర ఇరుక్కున్న డబ్బు మీద ఒప్పందం కుదిరింది 1985లో. ఇద్దరూ లేరప్పటికి.

ఈ భాగం రాస్తూ రెండుసార్లు ఆగాను. ఇలాంటి మరణాలకి ఒక్క కారణం చెప్పేసి ఊరుకోవడం తప్పు. డబ్బు పోయింది కాబట్టే అని నేననను. కానీ డబ్బు సమస్యలు పెద్దవైనప్పుడు మనిషి సిగ్గుతో ఎవరికీ చెప్పుకోకుండా ఒంటరైపోతాడు. ఫ్రెండ్స్‌లో ఇద్దర్ని లోన్ యాప్‌ల బారిన పడ్డప్పుడు దగ్గర్నుంచి చూశాను. మీకు గానీ, మీ పక్క బెడ్‌ వాడికి గానీ అలా అనిపిస్తుంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మూడో గొంతు

1993లో మరియా కెరీ ‘మ్యూజిక్ బాక్స్’ ఆల్బంలో ఈ పాట పాడింది. ఆమె పట్టుకున్నది నీల్సన్ వెర్షన్‌నే, బ్యాడ్‌ఫింగర్‌ది కాదు. అంటే ఇది కవర్‌కి కవర్. 1994 జనవరి 24న అమెరికాలో సింగిల్ విడుదలైంది. అంతకు తొమ్మిది రోజుల ముందే, జనవరి 15న, నీల్సన్ గుండె జబ్బుతో కన్నుమూశాడు. అమెరికాలో మూడో స్థానం, బ్రిటన్‌లో వస్తూనే నంబర్‌వన్, యూరప్‌లో చాలా దేశాల్లో అదే జోరు. అప్పటికి పాట రాసిన ఇద్దరూ, దాన్ని పెద్దది చేసినవాడూ లేరు. పాట మాత్రం ముప్ఫై ఏళ్ల పిల్లల దాకా వచ్చేసింది.

స్టాన్ పోలీ ఏమయ్యాడంటారా? వేరే పెట్టుబడి వ్యవహారంలో 1991లో క్యాలిఫోర్నియా కోర్టులో ఆరోపణల్ని కాదనకుండా ఒప్పేసుకున్నాడు. జైలు పడలేదు, ప్రొబేషన్ పడింది.

మన సంతకాల సంగతి

ఇప్పుడు మనవైపు వద్దాం. ఫోన్ ముందు కూర్చుని పాత పాటకి కవర్ పాడి పెట్టని కాలేజీ ఉందా? మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 31సి అనే సెక్షన్ వచ్చింది. దాని ప్రకారం, అసలు రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి. హక్కుదారుకి ముందే నోటీసివ్వాలి, ఏడాదికి కనీసం 50 వేల కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. చాలామంది అనుకున్నట్టు ‘పాతపాటే కదా, ఏమవుతుంది’ అనేది చట్టంలో లేదు. వీడియో చేస్తే దానికి వేరే అనుమతి. యూట్యూబ్‌లో మీ కవర్ మీద వచ్చే ప్రకటనల డబ్బు మ్యూజిక్ కంపెనీకి వెళ్లిపోతుంటే, అన్యాయం అని గింజుకునే ముందు పీట్, టామ్‌లని గుర్తు తెచ్చుకోండి. మీ స్థానం నీల్సన్‌ది, వాళ్లది కాదు.

మరి మీరే రాస్తే? షార్ట్‌ఫిల్మ్‌కి ఒక ట్యూనో, పాటో ఇస్తే? అదే 2012 సవరణ మీ పక్కన నిలబడుతుంది. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా పోరాడింది దీనికోసమే. సినిమా కోసం రాసిన పాటకైనా, థియేటర్లో సినిమాతో పాటు ఆడటం మినహా మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో గీత రచయిత, సంగీత దర్శకుల సమాన వాటాని వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప వేరెవరికీ రాసిచ్చేయడానికి వీల్లేదు. రాసిచ్చినా చెల్లదు. వసూలు చేసి పంచడానికి ఐపీఆర్ఎస్ అనే సంస్థ ఉంది, రచయితలు, స్వరకర్తలు సభ్యులు కావచ్చు. ఇంకోటి. హక్కులు రాసిచ్చే కాగితంలో ఎన్నేళ్లకో లేకపోతే ఐదేళ్లనే లెక్క. ఏ ప్రాంతానికో లేకపోతే భారతదేశం వరకే. అందుకే అవతలివాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా’ అనే రెండు మాటలు మర్చిపోకుండా టైప్ చేయిస్తారు. కాగితం చేతికొస్తే ముందు ఆ రెండు మాటలు ఉన్నాయేమో వెతకండి.

నాకివన్నీ తెలిసే సంతకాలు పెట్టానా అంటే, లేదు. క్యాంపస్‌లో వచ్చిన మొదటి ఉద్యోగం. పద్నాలుగు పేజీల ఒప్పందం. హెచ్ఆర్ ఆవిడ ‘ఇది ఫార్మాలిటీ’ అంది. మొదటి పేజీలో జీతం చూశా, చివరి పేజీలో సంతకం పెట్టా. మధ్యలో పన్నెండు పేజీలున్నాయి. రెండేళ్ల బాండ్ సంగతి అందరికీ తెలిసిందే. ఉద్యోగంలో ఉన్నంతకాలం, ఆఫీసు టైమ్ బయటైనా సరే, నేను రాసిన ప్రోగ్రాములు, డిజైన్లు, రాతలు అన్నీ కంపెనీవే అన్న క్లాజ్ మాత్రం ఏడాదిన్నర తర్వాత చూశాను. అదీ, ఫ్రెండ్‌తో కలిసి శని, ఆదివారాల్లో తయారుచేసిన బస్ టైమింగ్స్ యాప్‌ని విడుదల చేద్దామని మేనేజర్‌కి సంబరంగా చెప్పినప్పుడు! మన చట్టంలోనూ ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. శని, ఆదివారాల పని అందులోకి రాదు. దాన్ని కూడా కలిపేసుకున్నది నేను సంతకం పెట్టిన కాగితమే. యాప్ నుంచి నేను తప్పుకున్నా, ఫ్రెండ్ ఒక్కడే కొనసాగించాడు. రెండో ఉద్యోగంలో ఆ క్లాజ్ దగ్గర ‘ఆఫీసు పనికి సంబంధించినంత వరకు’ అని చేర్చమని మెయిల్ పెట్టాను. ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని రాత్రంతా నిద్ర లేదు. పొద్దున పది గంటలకి ఒక్క లైను జవాబొచ్చింది, సరే అని. అడగడానికి అంతేనా ఖర్చు అనిపించింది.

2013 ఏప్రిల్ 27న, పీట్ హ్యామ్ పుట్టినరోజున, స్వాన్సీలో రైల్వే స్టేషన్ దగ్గర, ఐవీస్ ఒకప్పుడు రిహార్సల్స్ చేసుకున్న చోట, అతని పేరుతో నీలిరంగు ఫలకం పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో ‘బ్రేకింగ్ బ్యాడ్’ ముగింపు వచ్చింది. ‘బేబీ బ్లూ’ నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అమ్ముడుపోయింది.

ఇయర్‌ఫోన్స్ ఇంకా తీయలేదు కదా? పాట పక్కన మూడు చుక్కలుంటాయి, నొక్కండి. ‘క్రెడిట్స్’ అని ఉంటే తెరవండి. మరియా కెరీ వెర్షన్ అయినా, నీల్సన్ వెర్షన్ అయినా, రచయితల వరసలో ఆ రెండు పేర్లే కనిపిస్తాయి. హ్యామ్, ఎవాన్స్.